మీ సైటుకు సర్టిఫికెట్ పెట్టే ముందు

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ సైన్స్ క్లబ్ వెబ్‌సైట్ చూశాను. రోజూ వర్షపాతం కొలిచి అందులో రాస్తున్నారు, చాలా సంతోషం. అయితే అడ్రస్ పక్కన 'నాట్ సెక్యూర్' అని వస్తోంది. హెచ్‌టీటీపీతో, అంటే మాటల్ని రహస్య లిపిలోకి మార్చని పాత పద్ధతితో, నడిచే ప్రతి సైటుకూ క్రోమ్ 2018 జూలై నుంచి ఆ మాట చూపిస్తోంది. కంగారు పడకండి, సర్టిఫికెట్ పెట్టే పని ఒకటి మిగిలిపోయింది, అంతే. సర్టిఫికెట్ అంటే సైటు పేరును రుజువు చేసే డిజిటల్ కార్డు. అది ఉంటే సైటుకు వచ్చిపోయే మాటలు రహస్య లిపిలో వెళ్తాయి. కానీ ఆ పని అయ్యేదాకా బయటి వైఫైలో లాగిన్ అవ్వకండి. మీ పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా పోతోంది. దారిలో కాపు వేసినవాడు చదివేయగలడు.

మీది షేర్డ్ హోస్టింగ్. అంటే ఒకే సర్వర్‌లో, చాలాసార్లు ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే నంబరు) మీద, ఎన్నో సైట్లు ఉంటాయి. పెద్ద అపార్ట్‌మెంట్ అనుకోండి. వచ్చినవాళ్లు ఏ ఫ్లాటుకో చెప్పకుండా "ముందు ఇంటివాళ్ల కార్డు చూపించు" అంటే వాచ్‌మన్ ఎవరి కార్డు చూపిస్తాడు? ఒకప్పుడు సర్వర్ పరిస్థితి సరిగ్గా అదే. అందుకే సర్టిఫికెట్ కావాలంటే విడిగా ఐపీ కొనుక్కోవాల్సి వచ్చేది. తర్వాత ఎస్‌ఎన్‌ఐ అనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు బ్రౌజర్ మొదటి పలకరింపులోనే సైటు పేరు చెప్పేస్తుంది, సర్వర్ ఆ సైటు సర్టిఫికెట్టే తీసి ఇస్తుంది. మీలాంటి చిన్న సైట్లకు ఇది ఎంత మేలు చేసిందో!

డబ్బు ఖర్చు కూడా లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 డిసెంబర్ నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. సైటు మీదేనని అది నమ్మేదెలా? 'వెల్-నోన్' అనే ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు పెట్టమంటుంది, బయటి నుంచి వచ్చి దాన్ని చదువుతుంది. చదవగలిగితే ఇస్తుంది. మీ సీప్యానెల్‌లో (హోస్టింగ్‌ను చూసుకునే పేజీ) 'రన్ ఆటోఎస్‌ఎస్‌ఎల్' బటన్ ఉంటే, అది నొక్కితే ఇదంతా దానంతటదే జరుగుతుంది. 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ' ఉన్న పేరు, లేని పేరు రెండూ టిక్ చేయండి.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఆ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది. మా గ్రంథాలయం సైటులో చుక్కతో మొదలయ్యేవాటిని ఎవరూ చూడకూడదని సర్వర్‌కు నియమాలు చెప్పే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఒక నియమం రాశాను. దాంతో ఆ పరీక్ష ఫైలు కూడా మూసుకుపోయింది. 90 రోజుల సర్టిఫికెట్ రెన్యూ కాక గడువు దాటింది. ఆ ఉదయం పుస్తకాల జాబితా కోసం వచ్చిన పిల్లలకు పేజీ నిండా హెచ్చరికే కనిపించింది. వాళ్లు భయపడి వెనక్కి వెళ్లిపోయారు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. మీరు అలాంటి నియమం రాస్తే ఆ ఒక్క ఫోల్డర్‌ను వదిలేయండి.

సర్టిఫికెట్ వచ్చాక హెచ్‌టీటీపీతో వచ్చేవాళ్లను హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే కొత్త అడ్రస్‌కు మళ్లించండి. పాత పేజీల్లో ఫొటోల లింకులు కూడా హెచ్‌టీటీపీఎస్‌కు మార్చాలి. సర్టిఫికెట్‌కు జంటగా ఉండే రహస్య తాళంచెవి, అంటే ప్రైవేట్ కీ, మాత్రం వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి, నేనడిగినా ఇవ్వకండి. ఇంకొకటి, సర్టిఫికెట్ దొంగ సైటుకూ దొరుకుతుంది. దారిలో ఎవరూ చదవలేరనే దాని అర్థం, అవతలివాడు మంచివాడని కాదు.

ఆదివారం కూర్చుని చేయండి. ఎర్రర్ వస్తే స్క్రీన్‌షాట్ పంపండి, ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ తాతయ్య