ఎవర్‌గ్లేడ్స్‌కు కారులో వెళ్తున్నారా? ముందు గేటు తేల్చుకోండి

దక్షిణ ఫ్లోరిడాలో మన కుటుంబాలను కారులో తిప్పి ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడినేలల నేషనల్ పార్కును చూపించడం నా వృత్తి. డిసెంబరు సెలవులు దగ్గర పడ్డాయంటే ఫోన్లు మొదలవుతాయి. అడిగేది చాలావరకు మొసలి జాతికి దగ్గరి ఎలిగేటర్ల గురించే. ఎలిగేటర్ వల్ల ప్రయాణం పాడైన కుటుంబాన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఫోనులో తప్పు చోటికి దారి పెట్టుకుని రోజంతా పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ప్రతి సీజనులోనూ కనిపిస్తున్నారు. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

అపోహ: పార్కుకు ఒక గేటు ఉంటుంది, లోపలికి వెళ్తే అన్నీ చుట్టి రావచ్చు.

వాస్తవం: ప్రవేశాలు మూడు. ఒకటి హోమ్‌స్టెడ్ వైపు. రెండోది 41వ నంబరు రహదారి, అంటే టమయామి ట్రెయిల్ మీద ఉన్న షార్క్ వ్యాలీ. మూడోది పడమటి తీరాన ఎవర్‌గ్లేడ్స్ సిటీ దగ్గర. ఈ మూడింటినీ పార్కు లోపలి నుంచి కలిపే రోడ్డు లేదు. మధ్యలో ఉన్నదంతా రెల్లుగడ్డి, నీళ్లు, మడ అడవి. పార్కు విస్తీర్ణం సుమారు 15 లక్షల ఎకరాలు. ఒక గేటు నుంచి మరో గేటుకు వెళ్లాలంటే బయటికి వచ్చి చుట్టూ తిరగాల్సిందే. హోమ్‌స్టెడ్ గేటు నుంచి షార్క్ వ్యాలీకి దాదాపు గంట, ఎవర్‌గ్లేడ్స్ సిటీకి దాదాపు రెండు గంటలు పడుతుంది. ఫోనులో ఊరికే పార్కు పేరు కొట్టి బయలుదేరితే మీరు అనుకున్న చోటికే చేరతారన్న నమ్మకం లేదు. విజిటర్ సెంటర్ పేరు కొట్టండి.

ఏ గేటు దగ్గర ఏముందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. కారులో సాగిపోతూ అక్కడక్కడా దిగి చూడాలంటే హోమ్‌స్టెడ్. అక్కడి నుంచి పార్కు దక్షిణ కొసన ఉన్న ఫ్లమింగో అనే చోటి దాకా 38 మైళ్ల రోడ్డు. గేటు దాటిన కాసేపటికే అన్‌హింగా ట్రెయిల్ అనే చిన్న నడక దారి వస్తుంది. ఆ తర్వాత దిగి చూడదగ్గ పా-హే-ఓకీ, మహోగనీ హమ్మక్ అనే చోట్లు ఉన్నాయి. చివర ఫ్లమింగో మెరీనాలో, అంటే పడవల రేవులో, మొసళ్లు, అదృష్టం ఉంటే మానటీలనే పెద్ద నీటి జంతువులు కనిపిస్తాయి. షార్క్ వ్యాలీలో ఉన్న 15 మైళ్ల దారిలోకి సొంత కార్లను అనుమతించరు. యాత్రికులను తిప్పి చూపించే ట్రామ్ బండి ఎక్కాలి, సైకిల్ తొక్కాలి, లేదా నడవాలి. చలికాలంలో పార్కింగ్ తొందరగా నిండిపోతుంది కాబట్టి ఉదయమే చేరుకోండి. ఎవర్‌గ్లేడ్స్ సిటీ వైపు చూడవలసినదంతా పడవలోనే.

ఒకసారి ఒక జంట, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, షార్క్ వ్యాలీ ట్రామ్‌కు టికెట్లు కొనుక్కుని హోమ్‌స్టెడ్ గేటు దగ్గర నిలబడి ఫోన్ చేశారు. "ట్రామ్ ఎక్కడ ఎక్కాలండీ?" అని ఆ అమ్మాయి అడుగుతుంటే గొంతు వణుకుతోంది. ట్రామ్ బయలుదేరడానికి అరగంట కూడా లేదు. వేగంగా వెళ్లి అందుకుంటామన్నారు. వద్దన్నాను. ఉన్నచోటనే అన్‌హింగా ట్రెయిల్‌కు పెద్దవాళ్లను తీసుకెళ్లమన్నాను. చేపను పొడిచి పట్టుకున్న పక్షి కొమ్మ మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంటే వాళ్ల అమ్మగారు అక్కడి నుంచి కదలలేదట. ట్రామ్ డబ్బు పోయింది కానీ పార్కు ప్రవేశ రుసుము పోలేదు. వాహనానికి కట్టిన రుసుము 7 రోజులు, మూడు గేట్ల దగ్గరా చెల్లుతుంది. మర్నాడు షార్క్ వ్యాలీ చూశారు.

ఇక ఎలిగేటర్లు. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. దారి పక్కనే ఎండలో పడుకుని ఉంటాయి, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. కనీసం 15 అడుగుల దూరం పాటించండి, నీటి అంచున పిల్లల చెయ్యి వదలకండి, నీళ్లలోకి దిగకండి. వాటికి తిండి వేయడం ఫ్లోరిడాలో నేరం. తిండికి అలవాటు పడిన ఎలిగేటర్‌కు మనిషంటే బెదురు పోతుంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. అన్‌హింగా ట్రెయిల్‌లో చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది, నిశ్చింతగా వెళ్లండి.

ఎప్పుడు వెళ్లినా ఒకటేనన్నది అబద్ధం. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు పొడి కాలం. నీళ్లు తగ్గి జంతువులు, పక్షులు మిగిలిన మడుగుల దగ్గరికి చేరతాయి. మే నుంచి వానలు, దోమలు, మధ్యాహ్నం పిడుగులు. పిల్లల సెలవుల వల్ల జూలైలోనే రావలసి వస్తే తెల్లవారగానే వచ్చి మధ్యాహ్నానికి బయటపడండి.

కొండచిలువలు రోడ్లన్నీ ఆక్రమించాయని వాట్సాప్‌లో వచ్చేవి దయచేసి పంచకండి. బర్మా కొండచిలువలు ఇక్కడి చిన్న జంతువులను తీవ్రంగా దెబ్బతీసిన మాట నిజమే, అది బాధాకరం. కానీ యాత్రికులకు అవి కనిపించడమే అరుదు.

ఎలిగేటర్ ఆలీ మీద వెళ్తే దారిలోనే అన్నీ చూసేయవచ్చనుకోవడమూ పొరపాటే. అది టోల్ కట్టి, రెండు వైపులా కంచెల మధ్య దూసుకుపోయే 75వ నంబరు రహదారి. చూడాలంటే 1928లో తెరిచిన టమయామి ట్రెయిల్ మీద వెళ్లండి. పార్కు పక్కనే ఉన్న బిగ్ సైప్రస్ రక్షిత ప్రాంతంలోని ఒయాసిస్ విజిటర్ సెంటర్ దగ్గర, కిర్బీ స్టోర్టర్ అనే రోడ్డు పక్క పార్కు దగ్గర ఆగండి. వెనక పెద్ద ఫ్యానుతో నడిచే ఎయిర్‌బోట్లనే పడవలు కూడా ఈ రోడ్డు వైపే దొరుకుతాయి, పార్కులో ఎక్కువ భాగంలో వాటికి అనుమతి లేదు.

అన్‌హింగా ట్రెయిల్ పార్కింగ్‌లో నల్ల రాబందులు వైపర్ల రబ్బరు, కిటికీల రబ్బరు పీకేస్తాయి. ఎవరూ నమ్మరు, కారు దగ్గరికి తిరిగి వచ్చాక నమ్ముతారు. కారు మీద కప్పడానికి అక్కడ టార్పాలిన్లు ఉంచుతారు, వాడుకోండి.

పెట్రోలు హోమ్‌స్టెడ్‌లోనో ఫ్లోరిడా సిటీలోనో నింపుకోండి. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే ఫోనులో దించుకోండి. చీకటి పడ్డాక టమయామి ట్రెయిల్ మీద పాంథర్ (ఇక్కడి అడవి పెద్దపిల్లి) జోన్ బోర్డు కనిపిస్తే వేగం గంటకు 45 మైళ్లకు తగ్గించండి. వెనక కారు హారన్ కొట్టినా సరే. ఫ్లోరిడా పాంథర్ల మరణాలలో మనకు తెలిసినవాటికి మొదటి కారణం వాహనాలే.