పిస్టన్ లాక్ చాంబర్‌లో పడిందా? ముందు కిక్ రాడ్డు జోలికి పోకండి

గత నెల రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, పిస్టన్ లాక్ లోపల పడిపోయింది. బ్లాక్ ఎక్కించి నాలుగు కిక్కులు కొడితే సైలెన్సర్‌లోంచి అదే వచ్చేస్తుందంటున్నారు, కొట్టనా?" గొంతులో వణుకు. బండి వాళ్ల నాన్నగారిది, పాత యెజ్డీ 250. యూట్యూబ్ చూసి తనే పిస్టన్ మారుస్తున్నాడు. పిస్టన్ లాక్ అంటే పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న స్ప్రింగ్ క్లిప్పు. బ్లాక్ అంటే సిలిండర్, చాంబర్ అంటే దాని కింద క్రాంక్, ఫ్లైవీల్ తిరిగే గది.

"అదే వచ్చేస్తుంది" అన్న మాట పుట్టించినవాడు దొరికితే బాగుండు.

అపోహ: కిక్ కొడితే బయటికొస్తుంది.

వాస్తవం: టూ స్ట్రోక్‌లో చాంబర్ నుంచి పైకి దారి ట్రాన్స్‌ఫర్ పోర్టులే, అంటే సిలిండర్ గోడలోని సందులు. లాక్ అటు ఎగిరినా పిస్టన్‌కీ పోర్టు అంచుకీ మధ్య ఇరుక్కుంటుంది. పిస్టన్ రింగు విరుగుతుంది, బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) గాట్లు పడతాయి. అది నయం. కిందే ఉండిపోతే ఫ్లైవీల్‌కీ చాంబర్ గోడకీ మధ్య ఉన్న సన్నటి సందులోకి లాగుతుంది. గోడ అల్యూమినియం, లాక్ స్ప్రింగ్ స్టీలు. ఒకాయన అలాగే కొట్టి తెచ్చాడు. విప్పితే లాక్ మూడు ముక్కలు, చాంబర్ గోడ మీద వేలు పెడితే గోరు దిగేంత గాడి. బోరు పోతే ఓవర్‌సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు. చాంబర్ పోతే ఎక్కడ తెస్తారు? మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. 2022లో వచ్చిన కొత్త యెజ్డీ ఫోర్ స్ట్రోక్, ఆ ఇంజిన్ సామాను దీనికి పనికిరాదు.

అందుకే ఆ కుర్రాడికి ముందు చెప్పింది ఒకటే: బండిని న్యూట్రల్‌లో పెట్టి, రాడ్డుకి తాడు కట్టెయ్. యెజ్డీలో గేర్ రాడ్డే కిక్ రాడ్డు, కాలు తగిలినా ప్రమాదమే. గేర్‌లో ఉంటే వెనక చక్రం కదిలినా క్రాంక్ తిరుగుతుంది.

అపోహ: అయస్కాంతం పెడితే చిటికెలో వచ్చేస్తుంది.

వస్తుంది, కానీ ముందు ఫ్లైవీల్‌కి అంటుకుంటుంది, తర్వాత కనెక్టింగ్ రాడ్డుకి. అవీ ఇనుమే కదా! సన్నటి మ్యాగ్నెట్ పుల్లకి కూల్‌డ్రింక్ స్ట్రా తొడిగి, కొన మాత్రం బయట ఉంచండి. పక్కలకు లాగడం తగ్గుతుంది. అది లేకపోతే సైకిల్ పుల్ల కొనకి గట్టి గ్రీజు రాసి దించండి. టార్చి నిటారుగా కాదు, ఏటవాలుగా వేయాలి. లాక్ ఆయిల్ తడిలో సన్నగా మెరుస్తుంది.

అపోహ: ఇక ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

చాలాసార్లు అక్కర్లేదు. పైనుంచి కనిపించకపోతే గేర్ ఆయిల్ తీసేసి, ఇంజిన్ దించి, ఇద్దరు పట్టుకుని తెల్ల గుడ్డ మీద తలకిందులు చేయండి. చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. అప్పటికీ రాకపోతేనే చాంబర్ విడగొట్టడం.

ఎయిర్ కొట్టొద్దు, బేరింగ్‌లోకి తోస్తారు. బుల్లెట్‌లో అయితే ఆయిల్ ఫిల్టర్ పట్టేస్తుందంటారు. ఫిల్టర్ దాకా నడిచొస్తుందా ఆ లాక్? పాత లాకులు మళ్లీ వాడొద్దు. లాక్ పెట్టే ముందు చాంబర్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, పోగులూడే వేస్టు కాదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఆ గుడ్డ కుక్కకుండానే లాక్ పెట్టబోయా. నోస్ ప్లయర్ జారింది, టింగుమని శబ్దం, అంతే. ఏడుపొక్కటే తక్కువ. మా మేస్త్రి తిట్టలేదు. "ముందు నిలబడి నీ ప్యాంటు దులుపు" అన్నాడు. మోకాలి దగ్గర మడతలోంచి రాలింది. అప్పట్నుంచి నేల ఊడ్చి, బట్టలు దులిపాకే ఇంజిన్‌లో వెతుకుతాను.

కుర్రాడు ఒంటిగంటకి ఫొటో పంపాడు. గ్రీజు అరచేతిలో లాక్, వెనకాల కిక్ రాడ్డుకి వాళ్లమ్మ చీర అంచుతో కట్టిన ముడి.