మూసీ నిధులు ఔటర్ రింగ్ రోడ్డు దాటవా?

హైదరాబాద్ దాటాక, పిల్లాయిపల్లి దగ్గర కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీంచి దూకే చోట మూసీ తెల్లటి నురగ కక్కుతుంది. దూరం నుంచి చూస్తే పత్తి ఆరబోసినట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే ముక్కు మూసుకోవాల్సిందే. ఆ నీళ్లే కాలువలెక్కి యాదాద్రి భువనగిరి, నల్లగొండ జిల్లాల వరి పొలాలకు పారతాయి. నది శుద్ధి పేరుతో ఇన్నేళ్లుగా పెడుతున్న డబ్బులో ఈ ఊళ్ల పేరిట పెద్దగా ఏమీ రాలేదు. ఇదేదో ఈమధ్య జరిగిన అన్యాయం కాదు, పథకాలను రాసుకున్న తీరే అలాంటిది.

1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక మొదలైంది. 1995లో జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళికతో మిగతా నదులకూ అదే పద్ధతి వచ్చింది. ఒడ్డున ఉన్న పట్టణాన్ని ఎంచుకోవడం, నాలాలను నదిలో కలవకుండా మళ్లించడం, మురుగు శుద్ధి ప్లాంటు కట్టడం. లెక్కంతా పట్టణానిదే. గోదావరి మీద రాజమండ్రి, భద్రాచలం, మంచిర్యాల, రామగుండం ఆ జాబితాకెక్కాయి. మూసీ మీద హైదరాబాద్. దిగువ పల్లెకు ఆ దరఖాస్తులో గడే లేదు.

2001 నుంచి ఖర్చులో కేంద్రం 70, రాష్ట్రం 30 అన్నారు. తర్వాత అది 60:40 అయింది. 2015లో నమామి గంగే వచ్చి, ఒక్క గంగకే ఐదేళ్లకు రూ.20,000 కోట్లు, మొత్తం కేంద్రమే భరించేలా ఇచ్చింది. మన నదులకు పాత వాటాలే. ప్లాంటు కట్టాక కరెంటు బిల్లు, రిపేర్లు కూడా రాష్ట్రం నెత్తినే.

కేంద్ర వాటాతో హైదరాబాద్‌లో కట్టినవి నాలుగు ప్లాంట్లు: అంబర్‌పేట, నాగోలు, అత్తాపూర్, నల్లచెరువు. రోజుకు 59.2 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలవు. అందులో అంబర్‌పేటదే 33.9 కోట్లు. పటాన్‌చెరు పరిశ్రమల నీళ్లను శుద్ధి చేసి, 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ అంబర్‌పేటకే తెచ్చారు. అంతకుముందు ఆ నీళ్లు కలిసిన నక్కవాగు పక్క ఊళ్లకు ఊరట, మూసీకి అదనపు బరువు. నగరం మురుగు ప్లాంట్ల సామర్థ్యాన్ని ఎప్పుడో దాటేసింది. 2021లో రూ.3,866 కోట్లతో మరో 31 ప్లాంట్లు మంజూరయ్యాయి. మురుగు పుట్టేది సిటీలోనే కాబట్టి డబ్బు అక్కడే పెట్టాలనే వాదనలో తప్పులేదు. అక్కడ శుభ్రమైతే కిందికీ మంచిదే.

పేచీ వచ్చింది ఆ తర్వాతి అడుగులో. 2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ పెట్టారు. దాని పరిధి పడమటి ఔటర్ నుంచి తూర్పు ఔటర్ దాకా 55 కిలోమీటర్లు. పుట్టిన అనంతగిరి కొండల నుంచి కృష్ణలో కలిసే వాడపల్లి దాకా నది పొడవు దాదాపు 240. 2024-25 బడ్జెట్లో ఈ ప్రాజెక్టుకు రూ.1,500 కోట్లు చూపారు. అదే ఏడాది చాదర్‌ఘాట్ వైపు బస్తీల్లో గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని, అంటే నదీగర్భంలో ఉన్నందుకు తొలగించాల్సిన ఇళ్లని గుర్తు, రాసి వెళ్లారు. అంతదాకా మురుగు గురించి జరిగిన మాటలు ఆ రోజు నుంచి ఇళ్ల చుట్టూ తిరిగాయి. దిగువ రైతు మాత్రం ఆ చర్చలోనూ పక్కనే ఉండిపోయాడు.

నగరం అంచున ఒడ్డు పొడవునా పశువుల గడ్డి పెంచుతారు. మురుగునీళ్లకు అది ఏపుగా పెరుగుతుంది. కోసి మోపులు కట్టి ఆటోల్లో పంపేది సిటీలోని గేదెల కొట్టాలకే. పొద్దున్నే ఆ పాలు మన టీలోకి వస్తాయి.