వెలుగుకు వెలుగు తోడై చీకటి

కాంతి తరంగమని చూపిన యంగ్ ప్రయోగం గురించి అడిగితే ఇంటర్మీడియట్ విద్యార్థి రెండు చీలికలు, ఒక తెర గీసి, తెర మీద పడే వెలుగు, చీకటి పట్టీల వెడల్పు సూత్రం రాసేస్తాడు. వెలుగుకు వెలుగు కలిస్తే చీకటి ఎలా వస్తుందని అడిగితే మాత్రం ఆగిపోతాడు. అందులో తప్పేమీ లేదు. రెండు వందల ఏళ్ల కిందట యూరప్ పండితులూ అక్కడే ఆగిపోయారు.

నిజానికి వ్యతికరణం, అంటే రెండు తరంగాలు కలిసినచోట ఒకదాన్నొకటి పెంచుకోవడమో అణచుకోవడమో, అనే ఊహ కాంతిలో కాదు, సముద్రంలో పుట్టింది. టాంకిన్ తీరంలో, అంటే ఇప్పటి ఉత్తర వియత్నాంలో, బాత్షా అనే రేవు ఉండేది. అక్కడ పోటు రోజుకు రెండుసార్లు కాక ఒక్కసారే వచ్చేది. నెలలో రెండు సందర్భాల్లో నీరు అసలు కదలకుండా నిలిచిపోయేది. ఈ వింతను ఖగోళ శాస్త్రవేత్త హేలీ 1684లో ప్రచురించాడు. 1687లో తన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో న్యూటన్ దానికి కారణం చెప్పాడు. పోటు ఆ రేవుకు రెండు దారుల్లో వస్తుంది, ఒక దారిలో ఆరు గంటలు ఆలస్యమవుతుంది. ఒకదాని పోటు, మరొకదాని ఆటు ఒకే వేళకు చేరితే నీటిమట్టం మారదు. ఇంత చక్కగా చెప్పిన న్యూటనే కాంతిని మాత్రం కణాల ప్రవాహంగా భావించాడు. ఆ పేరుకున్న బరువు వందేళ్లపాటు తరంగవాదాన్ని, అంటే కాంతి అలలుగా సాగుతుందన్న వాదాన్ని, లేవనివ్వలేదు.

లండన్ వైద్యుడు థామస్ యంగ్ ఈ సమస్య దగ్గరికి శబ్దం మీదుగా వచ్చాడు. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు ఇంకా పూర్తిగా కలవకముందు నాదం పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. అవే విస్పందనాలు. ఒకే గాలి రేణువు రెండు శబ్దాల కదలికలనూ ఒకేసారి మోస్తుందని, ఆ రెండింటి మొత్తమే మన చెవికి చేరుతుందని యంగ్ 1800లో వాదించాడు. మనం అధ్యారోపణ సూత్రం అంటున్నది ఇదే. మరుసటి ఏడాది మే నెలలో, న్యూటన్ వలయాల (కటకాన్ని గాజుపలక మీద ఉంచితే కనిపించే రంగుల వలయాల) గురించి ఆలోచిస్తుండగా, కాంతికీ ఇదే నియమం వర్తిస్తుందని ఆయనకు తట్టింది. ఒక కాంతి తరంగపు ఎత్తు, మరొకదాని పల్లం ఒకచోట కలిస్తే, బాత్షా నీటిలాగే, అక్కడ మిగిలేది చీకటే. న్యూటన్ కొలతలనే తీసుకుని లెక్కకట్టాడు: ఎరుపు తరంగదైర్ఘ్యం (ఒక అల ఎత్తు నుంచి తరువాతి అల ఎత్తుకు దూరం) అంగుళంలో సుమారు 36,000వ వంతు, ఊదాది 60,000వ వంతు. ఇప్పటి విలువలకు ఇవి ఆశ్చర్యపరిచేంత దగ్గర.

1803 నవంబరులో రాయల్ సొసైటీకి వివరించిన ప్రయోగంలో చీలికలే లేవు. కిటికీకి అడ్డుపెట్టిన కాగితంలో సూదితో చిన్న రంధ్రం చేసి, లోపలికి వచ్చిన ఎండ కిరణానికి ఎదురుగా అంగుళంలో 30వ వంతు మందమున్న అట్టముక్కను అంచు ఎదురుగా ఉండేలా నిలిపాడు. దాని నీడలో సన్నని చారలు కనిపించాయి. ఒక పక్క నుంచి వచ్చే వెలుగును ఆపగానే నీడలోని చారలన్నీ మాయమయ్యాయి. రెండో పక్క వెలుగు అలాగే ఉంది, అయినా చారలు లేవు! అంటే అవి ఏ ఒక్క పక్క వెలుగు వల్లా కాదు, రెండూ కలవడం వల్లే ఏర్పడ్డాయి. సూత్రాలు, లెక్కలు ఆ తరువాత చెప్పుకోవచ్చు, పాఠం మొదలు కావలసింది మాత్రం ఈ అట్టముక్కతోనే అని నేను గట్టిగా నమ్ముతాను. పుస్తకాల్లో మనం చూసే జంట చీలికల అమరికను యంగ్ 1807లో అచ్చయిన ఉపన్యాసాల్లో వర్ణించాడు.

ఈలోగా హెన్రీ బ్రూమ్ అనే విమర్శకుడు ‘ఎడిన్‌బరో రివ్యూ’ పత్రికలో తన పేరు చెప్పకుండా యంగ్‌ను చీల్చి చెండాడాడు. యంగ్ 1804లో జవాబుగా ఒక చిన్న పుస్తకం వేశాడు. అమ్ముడుపోయింది ఒక్క ప్రతే అని తరువాత ఆయనే చెప్పుకున్నాడు.

వాదం తేలింది పారిస్‌లో. రోడ్ల ఇంజనీరు ఫ్రెనెల్, యంగ్ సంగతి అంతగా తెలియకుండానే 1815లో ఇదే దారి పట్టాడు. వివర్తనంపై, అంటే అడ్డు అంచుల దగ్గర కాంతి వంగడంపై, ఫ్రెంచ్ అకాడమీ పెట్టిన పోటీకి గణితంతో సహా తన సిద్ధాంతాన్ని పంపాడు. న్యాయనిర్ణేతల్లో ఒకడైన పాయిజాన్ కణవాది. ఫ్రెనెల్ లెక్క నిజమైతే గుండ్రటి బిళ్ల నీడ సరిగ్గా మధ్యలో వెలుగు చుక్క ఉండాలని, అది అసంభవమని తేల్చాడు. అదే బృందంలోని అరాగో 2 మిల్లీమీటర్ల లోహపు బిళ్లను మైనంతో గాజుపలకకు అంటించి చూశాడు. నీడ నడిమధ్యలో చుక్క వెలుగుతూ ఉంది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కు దక్కింది.