ఖాళీ పికప్ ఎగురుతోందని పట్టీలు ఎక్కించకండి: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మాది కమాన్ కట్టల షెడ్డు, అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బండి స్ప్రింగులు బాగు చేసే చోటు. బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు, దోస్త్‌లే ఎక్కువగా వస్తాయి. డ్రైవరు బండి దిగీ దిగకముందే మాట మొదలవుతుంది: "మేస్త్రీ, బ్రేకర్ ఎక్కిందంటే వెనక బాడీ ఊగిపోతోంది. కమాన్లు వీకయ్యాయంట. సైడుకో పట్టీ ఎక్కించు." ఎవరు చెప్పారని అడిగితే టీ కొట్టు దగ్గర పక్క బండి డ్రైవరు, లేదంటే పంచర్ షాపు కుర్రాడు. ఈ మధ్య యూట్యూబు కూడా. వాళ్లలో బండి కింద తల పెట్టి చూసినవాడు ఒక్కడూ ఉండడు.

చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తినేది ఈ పట్టీల పిచ్చే కాబట్టి దాని గురించే ఎక్కువ ఉంటుంది.

అపోహ: వెనక బాడీ ఊగుతోందంటే కమాన్లు మెత్తబడ్డాయి, పట్టీ ఎక్కిస్తే ఆగిపోతుంది

సరిగ్గా తలకిందులు. ఖాళీ బండి ఎగిరేది కమాన్లు మెత్తబడి కాదు, ఖాళీ బరువుకి అవి మరీ గట్టిగా ఉండి. టన్నున్నర లోడు వేసినా కుంగకూడదని చేసిన కట్ట అది. లోడు దించేశాక దాని మీద ఏం మిగిలింది? ఇనప బాడీ, డోర్లు, స్టెప్నీ. కారులో మనుషులు దిగిపోయినా బరువులో పెద్ద తేడా రాదు. పికప్ వెనక ఇరుసు మీద మాత్రం ఖాళీకీ లోడుకీ బరువు రెండు మూడు రెట్లు మారుతుంది. కమాను అదే ఉండి, మీద బరువు మూడో వంతుకి పడిపోతే ఊగే వేగం సుమారు 1.7 రెట్లు పెరుగుతుంది. అందుకే లోడులో నిదానంగా లేచి దిగే బండి ఖాళీలో టకటకా ఎగురుతుంది.

ఇంకోటి, పట్టీల మధ్య రాపిడి. ఆ రాపిడిని దాటేంత దెబ్బ తగిలితేనే కట్ట వంగుతుంది. ఖాళీ బండి చిన్న గతుకు మీద పోయినప్పుడు కట్ట బిగుసుకుని ఉంటుంది, టైరులో గాలి ఎంత నొక్కుకుంటే అంతే స్ప్రింగు. మిగతా దెబ్బంతా కట్టని పట్టి ఉంచే హ్యాంగర్ల గుండా ఛాసిస్‌లోకి, అంటే బండి అడుగు చట్రంలోకి పోతుంది. పొడుగాటి ఛాసిస్ వెదురుబద్దలా కొద్దిగా వంగి లేస్తుంది, దాని మీద కూర్చున్న బాడీ, కేబిన్ దాంతోపాటు వణుకుతాయి. మీరు అద్దంలో చూసి భయపడేది ఆ వణుకే. సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందకీ వచ్చే ఊపు మనిషి ఒంటికి అస్సలు పడదు. రోజంతా ఖాళీ బండి తోలినవాళ్లు నడుం పట్టుకుని దిగుతారంటే అందులో దీని వాటా ఉంది.

ఇప్పుడు దీనికి ఇంకో పట్టీ ఎక్కించారనుకోండి. ఏడు పట్టీల కట్టకి అదే మందంలో ఎనిమిదోది వేస్తే బిగువు సుమారు ఏడో వంతు పెరుగుతుంది. మందం మారితే లెక్క ఇంకా ఘోరం: 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి 10 మిల్లీమీటర్లది పెడితే ఆ ఒక్క పట్టీ బిగువే దాదాపు రెట్టింపు. రాపిడి కూడా పెరిగింది. ఊపుని అణిచే షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే, పాత కట్టకి సరిపడేలా చేసిందే. కొత్త బిగువుని అది ఎక్కడ ఆపుతుంది? లోడుకి సాయంగా పెట్టే హెల్పర్ పట్టీ ఉన్న బళ్లకి ఇంకో తంటా. లోడు పడ్డాకే హెల్పర్ ఆనాలి, ఖాళీలో దేనికీ తగలకూడదు. కట్టలో అడ్డదిడ్డంగా పట్టీలు దూర్చితే ఆ సందు లెక్క తప్పిపోతుంది. డబ్బు పెట్టి ఊపుని కొనుక్కున్నట్టే.

కైకలూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఫైనాన్సులో తీసుకున్న కొత్త బండి, సొంతంగా కొన్న మొదటి బండి కూడా. చెరువుల దగ్గర ఐసు వేసిన రొయ్యల ట్రేలు ఎక్కించుకుని ప్లాంటుకి పోతాడు, తిరుగు ప్రయాణం ఖాళీ. ఖాళీలో ఊగుతోందని దారిలో ఎవరో సైడుకి రెండేసి పట్టీలు ఎక్కించారు. ఊపు పెరిగింది. అప్పుడు ఇంకొకరు బాడీ లూజుగా ఉందని తేల్చి దాన్ని ఛాసిస్‌కి నాలుగు చోట్ల వెల్డింగ్ కొట్టారు. కొన్నాళ్లు తగ్గినట్టే అనిపించిందట. ఆ తర్వాత కేబిన్ వెనక, బాడీ మొదలయ్యే చోట ఛాసిస్ పై అంచులో చీలిక. షోరూములో వెల్డింగ్ చూసి వారంటీ వర్తించదన్నారు. ఆయన నా స్టూలు మీద కూర్చుని, "ఈఎంఐలు ఇంకా మూడేళ్లున్నాయి మేస్త్రీ, బండి పనికొస్తుందా?" అన్నాడు. ఆ మొహం చూసి కోప్పడటానికి నోరు రాలేదు.

పనికొచ్చింది. అదనపు పట్టీలు దించాం, వెల్డింగులు గ్రైండ్ చేసి తీశాం, చీలికని ఛాసిస్ పని తెలిసినవాళ్ల చేత బాగు చేయించాం. ఇంతకీ అసలు లోపం ఏమిటంటే ఎడమ వైపు వెనక షాకు ఆయిల్ కారిపోయి ఎండిపోయింది, కట్ట చివర కదిలే లింకులోని షాకిల్ బుష్‌లు అరిగాయి. మొదటి రోజే ఎవరైనా వంగి చూసి ఉంటే ఒక పూట పని.

"ఊగడానికి కాదులే, లోడు ఎక్కువ వేసుకోవచ్చని పట్టీ వేయిస్తున్నా" అనేవాళ్లూ ఉన్నారు. బాబూ, ఆర్‌సీలో రాసిన బరువు పట్టీలతో మారదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ పాతవే. పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. పట్టీ వేయించామన్నది అక్కడ సమాధానం కాదు.

అపోహ: కేబిన్‌కీ బాడీకీ మధ్య సందు కదులుతోందంటే ఛాసిస్ వంగిపోయింది

ఇది విని నిద్ర పోని వాళ్లని చూశాను. టెన్షన్ పడకండి, అది కదలాలి. కేబిన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది, బాడీ వేరే బోల్టుల మీద. కింద ఛాసిస్ రెయిళ్లు ఒక వైపు తెరిచిన సి ఆకారంలో ఉంటాయి. నిలువు బరువుకి గట్టివి, మెలికకి లొంగుతాయి. ఒక చక్రం గుంతలో దిగితే ఛాసిస్ కొద్దిగా మెలి తిరిగి నాలుగు చక్రాలనూ నేల మీద ఉంచాలనే అలా చేశారు. అప్పుడు కేబిన్ ఒక దారి, బాడీ ఒక దారి కదిలినట్టు కనిపిస్తుంది. కేబిన్ గీసుకుపోతుంటేనో, బండి నిలబడ్డాక కూడా సందు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటేనో తీసుకురండి.

అమెరికాలో ఉన్న మా బంధువుల కుర్రాడు ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాడు. హైవే మీద వెనక బాడీ వణుకుతోందని వీడియో పంపి, డీలరు మోసం చేశాడా బాబాయ్ అని అడిగాడు. దానికీ ఛాసిస్ వేరు, కేబిన్ వేరు, బాడీ వేరు, వెనక కమాన్ కట్టలే. హోండా రిడ్జ్‌లైన్ లాంటి వాటిలో కేబిన్, బాడీ కలిపి ఒకే నిర్మాణం కాబట్టి సందు కనపడదు. వాడి బండికి ఏమీ కాలేదని చెప్పాను.

అపోహ: బాడీని ఛాసిస్‌కి వెల్డింగ్ పెడితే ఒక్క ముక్కయి గట్టిపడుతుంది

మెలి తిరగాల్సిన చోటుని కట్టేస్తే ఆ మెలికంతా వెల్డింగు అంచుకి చేరుతుంది. ఆ వేడికి అక్కడి ఉక్కు బలం కూడా మారిపోయి ఉంటుంది. చీలిక అక్కడే మొదలవుతుంది. ఛాసిస్ పై అంచుకీ కింది అంచుకీ రంధ్రాలు వేయకూడదనేది కూడా ఇందుకే. బాడీని యూ క్లాంపులతో, బ్రాకెట్లతో పట్టించాలి, మధ్యలో చెక్క ప్యాకింగో రబ్బరో ఉండాలి. ఆ ప్యాకింగు నలిగిపోయి క్లాంపు లూజైతే బాడీ నిజంగానే కొట్టుకుంటుంది. రొయ్యలు, చేపలు వేసే బళ్లలో ఇది మరీ ఎక్కువ. ఉప్పు నీళ్లు ఫ్లోరు సందుల్లోంచి కారి క్లాంపుల్నీ, అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లనీ తుప్పు తినేస్తుంది.

బాడీ జారుతోందో లేదో తెలుసుకోవడానికి మా మేస్త్రి ఒక పద్ధతి నేర్పాడు. ప్రతి క్లాంపు దగ్గరా బాడీ అడుగున పొడుగునా ఉండే రన్నరు మీద నుంచి ఛాసిస్ మీదకి సుద్దముక్కతో ఒకే గీత గీసి, ఒక రోజు తిప్పుకురమ్మనేవాడు. సాయంత్రానికి గీత విరిగి పక్కకి జరిగిందా, ఆ క్లాంపు పని చెయ్యట్లేదు. గీత అలాగే ఉంటే బాడీని వదిలేసి షాకులు చూడు. ఆయన ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు, కస్టమర్లు ఆయనకి పొగరనుకునేవాళ్లు.

షాకుల సంగతి. కారుకి చేసినట్టు వెనక మూల నొక్కి వదిలి చూడటం పికప్‌కి పనికిరాదు, అంత బిగువు కట్ట మన చేతికి కదలదు. గతుకుల రోడ్డులో కాసేపు తోలి ఆపి, రెండు వెనక షాకుల్నీ చెయ్యి ఆనించి చూడండి, కాలుతుందేమో జాగ్రత్త. పని చేసే షాకు వేడెక్కుతుంది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే చల్లది పోయినట్టే.

కట్ట దించి ఎక్కించిన ప్రతిసారీ, కొంత లోడుతో తిరిగాక, కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. ఎవరూ రారు. యూ బోల్టు లూజైతే పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు జరుగుతుంది, బండి అడ్డంగా నడుస్తుంది.

మిగతావి గబగబా.

ఖాళీలో ఇసక బస్తాలు వేస్తే ఊపు తగ్గుతుందా? తగ్గుతుంది, బరువు పెరిగింది కాబట్టి. డీజిలు కూడా పెరుగుతుంది. వేస్తే ఇరుసు మీదకి వచ్చేలా వేసి కట్టండి, వెనక డోరు దగ్గర కాదు.

కాలిన ఇంజనాయిలు కొట్టిస్తే కట్టలు మెత్తబడవు. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి. పట్టీలు తుప్పు పడితే విప్పి శుభ్రం చేయించండి.

లోడుకి పెట్టిన గాలితోనే ఖాళీగా తిరిగితే టైరు కూడా రాయే. మాన్యువల్లో ఖాళీకీ లోడుకీ వేరు వేరుగా ఇచ్చి ఉంటే పాటించండి.

"సిమెంటు రోడ్డు మీద ఒక్క స్పీడులోనే ఊగుతోంది, చక్రం బెండు వచ్చిందా?" చాలా సిమెంటు రోడ్లకి సుమారు నాలుగున్నర మీటర్లకో జాయింటు ఉంటుంది. గంటకు 60లో పోతే సెకనుకు దాదాపు నాలుగు దెబ్బలు. అది మీ బండి ఊగే వేగంతో కలిస్తే ఎగురుతుంది. పది తగ్గించండి, లేదా పది పెంచండి. అప్పటికీ ఆగకపోతేనే బ్యాలెన్సింగ్.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్లలో దాటేలా. మన ఊళ్లలో రాత్రికి రాత్రి పోసేవి అడుగు వెడల్పు గోడలు. వాటి మీద ఏ బండయినా ఎగురుతుంది, దానికి నా దగ్గర మందు లేదు.

బండి తెచ్చేటప్పుడు ఖాళీగా, కింద బురద కడిగించి తీసుకురండి. బురద పట్టిన ఛాసిస్ మీద చీలిక కనపడదు. పట్టీలు ఎన్ని మార్చారో, ఎప్పుడు మార్చారో దాచకుండా చెప్పండి, విప్పాక ఎలాగూ తెలుస్తుంది.