చట్టం మీద జనం ఓటు: స్విట్జర్లాండ్‌కు ఈ హక్కు ఎలా వచ్చింది

స్విట్జర్లాండ్‌లో ఏడాదికి నాలుగుసార్ల దాకా ఓటర్ల ఇళ్లకు పోస్టులో ఒక కవరు వస్తుంది. అందులో బ్యాలెట్లు, వాటితోపాటు ఎర్ర అట్ట వేసిన ఒక చిన్న పుస్తకం ఉంటాయి. ఓటు ఏ ప్రతిపాదన మీద, నెగ్గితే ఏం మారుతుంది, ప్రభుత్వం ఏమంటోంది, వ్యతిరేకించేవాళ్లు ఏమంటున్నారు అన్నవి ఆ పుస్తకంలో తేలిక మాటల్లో రాసి ఉంటాయి. చిన్న దేశం, చదువుకున్న జనం, అందుకే ఇదంతా సాగుతోందని మనం సులువుగా అనేసుకుంటాం. కానీ చరిత్ర చూస్తే ఈ హక్కును పాలకులు ఇష్టపడి ఇచ్చింది లేదు. అధికారానికి బయట ఉన్నవాళ్లు పోట్లాడి తెచ్చుకున్నారు.

1860లలో జ్యూరిక్ కాంటన్‌ను (కాంటన్ అంటే అక్కడ మన రాష్ట్రం లాంటిది) ఆల్‌ఫ్రెడ్ ఎషర్ వర్గం నడిపేది. రైల్వే కంపెనీ ఆయనదే, క్రెడిట్ సూయిస్ బ్యాంకు పెట్టిందీ ఆయనే, పార్లమెంటులోనూ ఆయన మాటకు తిరుగులేదు. రైళ్లకు డబ్బు దొరికేది కానీ, అప్పుల్లో ఉన్న రైతుకు, చేతివృత్తులవాళ్లకు తక్కువ వడ్డీకి రుణం పుట్టేది కాదు. ఫ్రీడ్రిష్ లోఖర్ అనే లాయరు ఈ వర్గాన్ని ఏకిపారేస్తూ కరపత్రాలు వేశాడు. 1867లో కలరా వచ్చి వందలమంది పోయారు, ఎక్కువగా పేదల పేటల్లో. ఆ డిసెంబర్ 15న కొత్త రాజ్యాంగం కావాలంటూ నాలుగు ఊళ్లలో ఒకేరోజు పెద్ద బహిరంగ సభలు జరిగాయి. 1869లో ఓటర్లు ఆమోదించిన కొత్త రాజ్యాంగం ప్రకారం కాంటన్ చట్టాలను జనం ఓటుకు పెట్టాల్సిందే. 5,000 మంది సంతకం చేస్తే కొత్త చట్టాన్ని జనమే ప్రతిపాదించవచ్చు. సభల్లో అడిగిన కాంటన్ సొంత బ్యాంకు కూడా మరుసటి ఏడాదే వచ్చింది. ఇది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. వాళ్లు ఓటు హక్కునీ వడ్డీ రేటునీ వేర్వేరు విషయాలుగా చూడలేదు.

దేశం మొత్తానికి వస్తే, 1848 రాజ్యాంగంలోనే ఒక నియమం ఉంది: రాజ్యాంగ సవరణ ఏదైనా జనం ఓటు లేకుండా చెల్లదు. మామూలు చట్టాలకు మాత్రం 1874లో రెఫరెండం వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టం మీద 30,000 సంతకాలు తెస్తే దాన్ని ఓటుకు పెట్టాలి. ఈ ఆయుధాన్ని బాగా వాడుకున్నది కాథలిక్ సంప్రదాయవాదులు. 1847 అంతర్యుద్ధంలో ఓడి, పార్లమెంటులో మైనారిటీగా మిగిలినవాళ్లు. 1884 మేలో ఒకేరోజు నాలుగు ప్రతిపాదనలు ఓటుకు వచ్చాయి. వాటిలో ఒకటి వాషింగ్టన్ రాయబార కార్యాలయానికి ఏటా 10,000 ఫ్రాంకులు ఇవ్వడం. నాలుగింటికీ నాలుగూ పోయాయి. ఆ ఓటుకు ‘నాలుగు మూపురాల ఒంటె’ అని పేరు పడింది. ఇలా ప్రతిదానికీ అడ్డం పడుతుంటే పాలక పక్షానికి వేరే దారి లేకపోయింది. 1891లో కాథలిక్ నాయకుడు యోసెఫ్ జెంప్‌ను ఏడుగురి మంత్రివర్గంలోకి తీసుకుంది. స్విస్ మంత్రివర్గంలో పెద్ద పార్టీలన్నీ కలిసి కూర్చునే అలవాటు అక్కడ మొదలైంది.

అదే 1891లో ఇనిషియేటివ్ వచ్చింది. 50,000 సంతకాలతో జనమే రాజ్యాంగ సవరణను ప్రతిపాదించవచ్చు. దాన్ని మొదటిసారి దేనికి వాడారో చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు. 1893లో నెగ్గిన ఆ తొలి ప్రతిపాదన, పశువును స్పృహ తప్పించకుండా కోయడాన్ని నిషేధించింది. పైకి జంతు సంరక్షణ. ప్రచారంలో మాత్రం యూదుల మీద ద్వేషం బాహాటంగా కనిపించింది, ఎందుకంటే అది వాళ్ల మతాచారం. దేశంలో ఎక్కడైనా స్థిరపడే సమాన హక్కు యూదులకు దక్కి అప్పటికి మూడు దశాబ్దాలైనా కాలేదు. దాదాపు 60 శాతం మంది అవునన్నారు. 2009లో మసీదు మినార్ల నిషేధం 57.5 శాతంతో నెగ్గినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు గానీ, ఆ బాట పాతదే.

ఆడవాళ్ల సంగతి ఇంకా బాధ పెడుతుంది. వాళ్లకు ఓటు ఇవ్వాలంటే రాజ్యాంగం మార్చాలి, మార్చాలంటే జనం ఓటెయ్యాలి, ఆ ‘జనం’ అంటే మగవాళ్లు మాత్రమే. 1959లో మూడింట రెండొంతుల మంది మగవాళ్లు వద్దన్నారు. మన దేశంలో అప్పటికే ఆడవాళ్లు రెండు సాధారణ ఎన్నికల్లో ఓటేసేశారు. స్విస్ మహిళలకు జాతీయ స్థాయిలో ఓటు 1971లో వచ్చింది. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో ఏటా ఊరి కూడలిలో చేతులెత్తి ఓటేస్తారు. మగవాళ్లకు నడుముకున్న కత్తే ఓటరు కార్డు. ఆ కూడలి 1990 ఏప్రిల్‌లో కూడా ఆడవాళ్లకు ఓటు వద్దంది. చివరికి ఆ నవంబర్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఇప్పించాల్సి వచ్చింది. మెజారిటీ చేతుల్లోనే అన్నీ పెట్టేస్తే బయట నిలబడ్డవాళ్లకు కోర్టు తప్ప దిక్కుండదు.

ఇదే తలుపు మంచికీ తెరుచుకుంది. పార్టీకి పడ్డ ఓట్లను బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతిని పార్లమెంటులో మెజారిటీ ఉన్న పార్టీ తనంతట తాను ఎందుకు తెస్తుంది? 1900లో, 1910లో ఓడిన ఆ ఇనిషియేటివ్ 1918లో గెలిచింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆ పార్టీ 103 సీట్ల నుంచి 60కి పడిపోయింది.

ఓటింగ్ దాకా వచ్చిన ఇనిషియేటివ్‌లలో నెగ్గేవి పదింట ఒకటి, కాస్త అటూ ఇటూగా. ఇప్పుడు ఇనిషియేటివ్‌కు 18 నెలల్లో లక్ష, రెఫరెండానికి 100 రోజుల్లో 50,000 సంతకాలు కావాలి. ఇనిషియేటివ్ గెలవాలంటే ఓటర్లలోనే కాదు, కాంటన్లలోనూ మెజారిటీ రావాలి. విదేశాల్లో స్విస్ కంపెనీలు చేసే హానికి బాధ్యత వహించాలన్న ప్రతిపాదనకు 2020లో 50.7 శాతం ఓట్లొచ్చినా కాంటన్ల లెక్కలో పోయింది. అయినా అసలు పని ఓటుకు ముందే జరుగుతుందని నా అభిప్రాయం. ఎవరో సంతకాలు మొదలుపెడతారన్న టెన్షన్‌తోనే ప్రభుత్వం ముసాయిదా దశలో కాంటన్లను, సంఘాలను, పార్టీలను అడుగుతుంది.

ఈ సంతకాలకే ఈమధ్య దెబ్బ తగిలింది. డబ్బు తీసుకుని సంతకాలు సేకరించే సంస్థలు కొన్ని దొంగ సంతకాలు చేర్చాయన్న ఆరోపణలు 2024లో బయటపడ్డాయి. దాంతో ఆన్‌లైన్‌లో సంతకం చేసే పద్ధతి గురించి చర్చ ఊపందుకుంది. దానికి నమ్మదగిన డిజిటల్ గుర్తింపు కావాలి. ఆ గుర్తింపును ప్రైవేటు కంపెనీలు జారీ చేసేలా పార్లమెంటు చేసిన చట్టాన్ని 2021లో ఓటర్లు 64 శాతంతో కొట్టేశారు. ప్రభుత్వం వెనక్కి వెళ్లి, తానే జారీ చేసేలా చట్టాన్ని మళ్లీ రాసింది. దాని మీదా సంతకాలు పడ్డాయి, మళ్లీ ఓటింగ్ జరిగింది. 2025 సెప్టెంబర్‌లో అది 50.4 శాతంతో గట్టెక్కింది.