గోదావరి డెల్టా ఇళ్ళలో ఆర్కిడ్ పూలు: అపోహలు - వాస్తవాలు

కడియం ప్రాంతపు నర్సరీలలో నిండా పూలున్న ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ కుండీని కొన్నవారు, ఏడాది తిరిగేసరికి ఆకులు మాత్రమే మిగిలిన ఆ కుండీనే తెచ్చి, పూలు రావడానికి మందేదైనా ఉందా అని నన్ను అడుగుతూ ఉంటారు.

అపోహ: భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువు వేస్తే మొగ్గ తొడుగుతుంది.

వాస్తవం: ఫెలనాప్సిస్‌కు పూలకాడ వేసే సంకేతం ఎరువు నుంచి రాదు, చల్లదనం నుంచి వస్తుంది. పగటి వేడి 28 డిగ్రీలు దాటుతున్నంత కాలం ఆ మొక్క ఆకులు వేస్తుందే కాని కాడ వేయదు. రాత్రిపూట పడకగదిలో ఏసీ వేస్తున్నాం కదా అని కొందరు అంటారు. కాని పగలు గది మళ్ళీ వేడెక్కితే ఆ చల్లదనం వల్ల ప్రయోజనం ఉండదు. మన డెల్టాలో పగలూ రాత్రీ కూడా తగినంత చల్లగా ఉండేది డిసెంబరు, జనవరి నెలల్లోనే కాబట్టి, ఆ వారాల్లో కుండీని వంటగది వేడికి దూరంగా, గాలి ఆడే తూర్పు కిటికీ దగ్గర ఉంచాలి. సంక్రాంతి నాటికి ఆకు మొదట్లో కాడ మొన కనిపిస్తే, పూలు విచ్చుకోవడానికి మరో రెండు మూడు నెలలు పడుతుంది. నర్సరీలో మీరు చూసిన పూలు చాలావరకు చల్లబరిచిన పాలీహౌస్‌లో పూయించినవే.

అపోహ: ఆర్కిడ్ నీడ మొక్క.

వాస్తవం: ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుందన్నది నిజమే, కాని హాలులో టీవీ పక్కన పెట్టిన మొక్క బతుకుతుంది తప్ప పూయదు. ఆకు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతుంటే మురిసిపోకండి, దానికి వెలుతురు చాలడం లేదని అర్థం.

అపోహ: ఆర్కిడ్ బదనిక జాతి, కాబట్టి చెట్టు రసం పీలుస్తుంది.

వాస్తవం: మామిడి కొమ్మలను పీల్చే బదనికకూ ఆర్కిడ్‌కూ సంబంధం లేదు. ఆర్కిడ్ కొమ్మను పట్టుకుని ఉంటుందంతే. వేళ్ళ మీది తెల్లని స్పాంజి వంటి పొరతో వాననీటిని, గాలిలోని తేమను తీసుకుంటుంది. అందువల్లనే మట్టిలో నాటితే ఆ వేళ్ళు ఊపిరాడక కుళ్ళిపోతాయి. కోనసీమ కొబ్బరి డొక్కల ముక్కలు, బొగ్గులు కలిపి వాడవచ్చు. అయితే పచ్చి డొక్కలో ఉప్పు ఉంటుంది కాబట్టి, రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. తీరానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది, దానికన్నా వాననీరు మేలు. సాయంత్రం పూట ఆకుల మీద నీళ్ళు చల్లే అలవాటు మన తేమకు అవసరం లేదు; ఆకుల నడుమ నీరు నిలిస్తే మొవ్వు కుళ్ళిపోతుంది.

అపోహ: ఆకు రాలిన డెండ్రోబియం (మరో రకం ఆర్కిడ్) కాండాన్ని కోసేయాలి.

వాస్తవం: మన వేడిని ఫెలనాప్సిస్ కన్నా బాగా తట్టుకునేది డెండ్రోబియమే. కొత్తవారికి నేను ముందుగా దీన్నే ఇస్తాను. ఆకులు లేని పాత కాండం కొత్త పిలకకు తిండి దాచి ఉంచుతుంది, ఒక్కోసారి దాని కొసనే మళ్ళీ కంకి వస్తుంది. పూర్తిగా ఎండి, ముడతలు పడి, గోధుమరంగుకు తిరిగాక మాత్రమే దాన్ని తీసేయండి.